మార్చి దాకా

ఇంతకు ముందు నేను ఏదీ రాసి ఎరగను. చదివింది ఐదో తరగతి. అంకెలు రాశాను గానీ మాటలు పేర్చింది లేదు. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

సామ్రాజ్యం అనే ఆమెకు ఒక చిక్కొచ్చి పడింది. ఒక సంవత్సరాన్ని రెండు ముక్కలు చేయమన్నారు. ఆమెకు చేతులు రాలేదు.

సామ్రాజ్యానికీ ఆమె భర్త బసవపున్నయ్యకూ చీరాలలో ఒక పిండి మర ఉండేది. బియ్యప్పిండి, గోధుమ పిండి, ఎండాకాలం వస్తే కారం. పిల్లలు లేరు. మిగిలిన నాలుగు రూపాయలూ కొంత బ్యాంకులో డిపాజిట్ వేశారు, కొంత ఎవరో చెబితే మ్యూచువల్ ఫండ్లలో పెట్టారు. అంతా పున్నయ్య పేరు మీదే.

ఆరేళ్ల కిందట పన్ను రిటర్ను ఆలస్యమై జరిమానా పడింది. అప్పుడు పున్నయ్య భార్యను వెంటబెట్టుకుని జక్రయ్య మాస్టారింటికి వెళ్లాడు. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో చిన్న చిన్న వాళ్లకు రిటర్నులు నింపి పెడతారు. పైసా తీసుకోరు. ఒకటే షరతు, ఆ ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకోవాలి.

"మీ ఇద్దరిలో ఎవరు నేర్చుకుంటారు?" అన్నారు మాస్టారు.

"మా ఆవిడేనండీ. చదివింది ఐదే గానీ, నా చొక్కా జేబులో ఎంతుందో నాకన్నా దానికే బాగా తెలుసు."

"అయితే ఈవిణ్ణి పన్నాఫీసులోనే వెయ్యాలయ్యా!"

పున్నయ్య పగలబడి నవ్వాడు. సామ్రాజ్యం తలుపు వెనక్కి పోయి నిలబడింది. మాస్టారు ఆమెను లోపలికి రమ్మనలేదు. తన కుర్చీనే గుమ్మం దగ్గరికి లాక్కుని, అక్కడ కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. పున్నయ్య వరండాలో గోడవారగా ఉన్న చెక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుకునేవాడు.

మర మీద వచ్చింది ఒక కట్ట. డిపాజిట్ల వడ్డీ ఒక కట్ట. ఫండ్లు అమ్మితే మిగిలింది ఇంకో కట్ట. మర నడవడానికి అయిన ఖర్చు మర ఆదాయంలోంచి తీసెయ్యొచ్చు, ఇంటి ఖర్చు తీసెయ్యకూడదు. ఒక ఏడు ఆమె ఇంటికి కొన్న ఫ్యాను మర ఖర్చులో రాసుకొచ్చింది. మాస్టారు దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, "ఈ ఫ్యాను కింద పిండి పడుకుంటుందా, పున్నయ్య పడుకుంటాడా?" అని అడిగారు. ఆ మాట తలుచుకుని పున్నయ్య ఏడాది పొడుగునా నవ్వాడు. రాత్రి ఫ్యాను వేసినప్పుడల్లా, "జరుగు, పిండి వచ్చింది" అనేవాడు.

అలా నేర్చుకుంది. ఏటేటా ఎర్ర సున్నాలు తగ్గుతూ వచ్చాయి.

కిందటి నవంబరు పంతొమ్మిదిన, పట్టపగలు, గోధుమల తొట్టి పక్కన పున్నయ్య కూలబడ్డాడు. ఆసుపత్రి దాకా కూడా పోలేదు.

మర పదమూడు రోజులు మూతపడింది. పద్నాలుగో రోజున సామ్రాజ్యం వెళ్లి షట్టరు ఎత్తింది. మొదటగా వచ్చింది ఎదురింటి రత్తమ్మ. బియ్యం డబ్బా కింద పెట్టి, "ఏమే, ఆడదానివి, నువ్వు ఆడిస్తే పిండి మెత్తగా వస్తుందా?" అంది.

"పట్టించి చూడు పిన్నీ," అంది సామ్రాజ్యం.

పిండి మెత్తగానే వచ్చింది. రత్తమ్మ వేలితో నలిపి చూసి డబ్బా ఎత్తుకుంది. గుమ్మం దాటాక కొంగు కళ్లకద్దుకోవడం సామ్రాజ్యానికి కనపడింది.

జూన్‌లో రెండో ఆదివారం. మాస్టారు చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి ఆమె వరండాలో కూర్చుని ఉంది. ఒళ్లో కాగితాల దొంతర, దారం గుచ్చి ముడి వేసి ఉంది. పైన మర పుస్తకం. ఈసారి మొత్తం తనే చేసింది. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఎర్ర పెన్సిలు లేవకుండా ఇంటికి పోవాలని ఆమె కోరిక.

మాస్టారు గంటసేపు చూశారు. పెన్సిలు లేవలేదు.

"కూడికలో తప్పు లేదమ్మా."

"మూడుసార్లు చూసుకున్నానండీ. పైసా తేడా రాలేదు."

"పైన పేరు పున్నయ్యది."

"ఏటా ఆయన పేరే కదండీ."

మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "క్రిస్మస్ తర్వాత వచ్చినప్పుడు నీకు చెప్పాను. నవంబరు పంతొమ్మిది దాకా ఆయన పేరున ఒక రిటర్ను. వారసురాలిగా దాని మీద నువ్వు సంతకం చెయ్యాలి. ఆ తర్వాతది నీ పేరున ఇంకొకటి."

"చెప్పారండీ."

"మర్చిపోయావా?"

"లేదండీ."

మాస్టారు దొంతర తిరగేశారు. "రెండుగా చేస్తే ఏ ఒక్కదానికీ పన్ను పడదు. ఒకటిగా ఉంటే ఇరవై ఏడు వేల చిల్లర కట్టాలి. అది కూడా నువ్వే లెక్క కట్టావు. ఇదిగో, చివరి కాగితంలో."

"కట్టేస్తానండీ."

"కట్టక్కర్లేని డబ్బు కడతావా? దాంతో మోటారు కొత్తది వస్తుంది."

సామ్రాజ్యం కొంగు అంచు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. ఆమె గొంతు పక్కనున్న మనిషికి కూడా కష్టంగా వినపడేటంత చిన్నగా ఉంది.

"మార్చి దాకా ఉండనివ్వండి మాస్టారూ. ఎటూ లెక్కల సంవత్సరం మార్చితో అయిపోతుంది కదండీ. అంతవరకూ ఆయన పేరు మీదే... నేనేం దొంగతనం చెయ్యడం లేదు కదా, ఎక్కువే కడుతున్నాను కదా..."



 మాస్టారు మర పుస్తకం దగ్గరికి లాక్కుని నవంబరు పేజీ తీశారు. పంతొమ్మిదో తారీకు దాకా పున్నయ్య చేతిరాత. తర్వాత ఖాళీ. పేజీ తిప్పారు. డిసెంబరు మూడు. వేలు ఒక అంకె మీద ఆగింది.

"ఏడుకి అడ్డగీత. పున్నయ్య ఇలా రాసేవాడు. నువ్వు రాయవు. ఆరేళ్ల నుంచీ నీ అంకెలు చూస్తున్నాను."

ఆమె తల దించుకుంది. "అలా రాస్తే ఆయన రాసినట్టే ఉంటుందండీ."

మాస్టారు దాని చుట్టూ సున్నా చుట్టలేదు. పైకి చదవడం మొదలుపెట్టారు.

"డిసెంబరు మూడు. బియ్యప్పిండి నలభై కిలోలు. ఎవరు పట్టారు?"

"నేనేనండీ."

"డిసెంబరు పన్నెండు. మర రాళ్లకు గాట్లు కొట్టించిన కూలి. రాయి ఎవరు దించారు?"

"కొట్టే అతనూ నేనూ కలిసి దించామండీ."

"జనవరి ఏడు. కొత్త బెల్టు. ఎవరు వేశారు?"

సామ్రాజ్యం కుడి చెయ్యి ముందుకు చాపింది. మణికట్టు మీద బెల్టు గీరుకున్న మచ్చ ఇంకా నల్లగా ఉంది. మాస్టారు దాని వంక చూసి తల ఊపి, పేజీ తిప్పారు.

"జనవరి ఇరవై. మరకు సెలవు. ఎందుకు?"

"జ్వరమండీ."

"ఎవరికి?"

 ఇంటి ముందు నుంచి ఐస్‌క్రీమ్ బండి గంట కొట్టుకుంటూ పోయింది. గంట చప్పుడు వీధి చివరికి పోయి వినపడకుండా అయ్యేదాకా మాస్టారు ఎదురు చూశారు.

"నాకు," అంది సామ్రాజ్యం.

అక్కడి నుంచి ఆయన ఏమీ అడగలేదు. ఊరికే పేజీలు తిప్పారు. ఫిబ్రవరి, మార్చి. ఒక్కో పేజీ దగ్గర కాసేపు ఆగుతున్నారు. ఆయన ఆగినప్పుడల్లా ఆమె లోపల్లోపల "నేనే" అనుకుంటోంది. మార్చి రెండో వారంలో కారం గిరాకీ మొదలైంది. ఆ పేజీల్లో ఖాళీయే లేదు. కళ్లు మండి, తుమ్ములు ఆగక, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని పొద్దుగుంకేదాకా ఆడించిన రోజులు. వాటన్నిటి మీదా పున్నయ్య పేరే ఉంది.

మాస్టారు పుస్తకం మూశారు. కాగితాల దొంతరకు ఆమె వేసిన ముడి విప్పారు. ముసలి వేళ్లు, చాలాసేపు పట్టింది. దారం లాగేసి, నవంబరు పంతొమ్మిది దాకా ఉన్న కాగితాలన్నీ ఏరి, రెండు చేతులతో ఎత్తి, గోడవారగా ఉన్న చెక్క కుర్చీలో పెట్టారు. పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా పెట్టారు. మిగిలినవి తెచ్చి సామ్రాజ్యం ఒళ్లో పెట్టారు.

"పున్నయ్యను మార్చి దాకా ఉంచావు. మరి ఈ నాలుగు నెలలూ సామ్రాజ్యం ఎక్కడికి పోయిందమ్మా?"

ఆమె ఒళ్లోని కాగితాల వంక చూసింది. ఎదురుగా కుర్చీ వంక చూసింది. 

మాస్టారు విప్పిన దారం ఆమె చేతిలో పెట్టి లోపలికి నడిచారు. వంటింటి గుమ్మం దగ్గర, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"ఇంకో దారం అలమరలో ఉంది. కావలిస్తే తీసుకో. నేను టీ పెడతాను."

టీ మరిగిన వాసన వరండాలోకి వచ్చింది. టీ మాత్రం రాలేదు. మాస్టారు లోపల కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతున్నారు. ఆ నీళ్ల చప్పుడు వింటూ సామ్రాజ్యం ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు.

చివరికి లేచింది. అలమర తెరిచి రెండో దారం తీసుకుంది.

ముందు కుర్చీలోవి కట్టింది. ముడి పడలేదు. విప్పి మళ్లీ వేసింది. అదీ జారిపోయింది. కళ్లకు నీళ్లు అడ్డం పడుతున్నాయి. మోచేత్తో తుడుచుకుని మూడోసారి వేసింది, నిలిచింది. తన కాగితాలు కట్టడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

అప్పుడు లోపల నీళ్ల చప్పుడు ఆగింది. మాస్టారు రెండు గ్లాసులతో బయటికొచ్చారు. ఇద్దరూ టీ తాగారు. 

మర్నాడు పొద్దున సామ్రాజ్యం బ్యాంకుకు వెళ్లింది. వరసలో పది పన్నెండు మంది ఉన్నారు. తన వంతు వచ్చాక డిపాజిట్ కాగితాలు కిటికీలోంచి లోపలికి తోసింది. అద్దం అవతల ఉన్న అమ్మాయి వాటిని తిరగేసి, "ఈయన రావాలి కదమ్మా. రాలేదా?" అంది.

సామ్రాజ్యం చెప్పింది.

"ఏంటమ్మా? వినపడలేదు, కాస్త గట్టిగా చెప్పండి."

ఏడు నెలలైంది. ఆ మాట ఇంతవరకు ఆమె ఎవరితోనూ నోరు తెరిచి అనలేదు. ఊళ్లో అందరికీ తెలుసు, అనాల్సిన అవసరం పడలేదు. ఆమె అద్దానికి ఉన్న కంతకు దగ్గరగా వంగింది.

"మా ఆయన నవంబరు పంతొమ్మిదిన చనిపోయారు. నేను ఆయన భార్యను. నా పేరు సామ్రాజ్యం."

 అద్దం అవతల అమ్మాయి తలెత్తి ఆమె ముఖం వంక చూసి, సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇటు జరిపింది. సామ్రాజ్యం పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్లి, నిలబడే, మొదటి గడిలో ఆయన పేరు రాసింది. కింది గడిలో తన పేరు రాసింది.