పూచీగడ్డి మీద నక్క

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, ఓడలరేవుకి కూతవేటు దూరంలో ఒక దొడ్డి ఉంది. అది అలాంటిలాంటి దొడ్డి కాదు. ఒక్కరోజు పేడ ఎత్తకపోతే మర్నాటికి కొండయి కూర్చునేది. ఇంకో రోజు ఆగితే ఓడలవాళ్లు ఆ కొండని చూసి రేవు దగ్గరపడిందని సామాన్లు సర్దుకునేవాళ్లు.

ఆ దొడ్డికి కాపలా చుక్కమ్మ. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న ముసలి కుక్క. వయసులో ఉండగా ఆమె ఒక్కసారి మొరిగితే ఏటి అవతలి నక్కలన్నీ ఆ పూటకి ఉపవాసమే. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవిలో నోరు పెట్టి అరిస్తే సగం వినబడుతుంది, మిగతా సగం ఆమె ఊహించుకుంటుంది.

మొన్న పట్టపగలు జంగుపిల్లి వచ్చి మూడు బాతుల్ని ఎత్తుకుపోయింది. చుక్కమ్మ నాలుగడుగుల దూరంలో కునుకు తీస్తూనే ఉంది. కూతురు గవ్వ పరుగెత్తబోయింది గానీ అది నిండుచూలాలు. పొట్ట నేలకి రాసుకుపోయి, అది నడిచిన చోటల్లా నాగటిచాలు పడుతోంది. ఇంకేం పరుగెడుతుంది?

దొడ్డికి పెద్ద నాంచారి అనే గేదె. బాతుల ఏడుపు వినలేక అందరినీ కూర్చోబెట్టింది.

"చుక్కమ్మొదినా, నిన్ను తప్పుపట్టడం లేదు గానీ ఇక నీ వల్ల కాదు. కొత్త కాపలా కావాలి."

"కావాలి," అంది చుక్కమ్మ. "నేనూ అదే అంటున్నాను. మంచి కుక్కని చూడండి."

మంచి కుక్కని చూసే పని నక్క జోగినాథానికి దక్కింది. నక్కకి ఆ పని ఏమిటని అడక్కండి. జోగినాథం కోళ్లు తినడం మానేశానని చెప్పి మూడేళ్లయింది. మానేశాడని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఇప్పుడు రేవులో మకాం పెట్టి, ఓడల్లో వచ్చే విదేశీ కుక్కల్ని కావలసినవాళ్లకి కుదిర్చిపెడుతున్నాడు. "నా చేతిమీదుగా వచ్చిన కుక్క సింహంతో తలపడింది, సింహం ఇప్పటికీ కుంటుతోంది," అని చెప్పుకుంటాడు.

వారం తిరక్కుండా హెక్టర్‌ని, "వీడు నా సొంత తమ్ముడనుకోండి," అంటూ వెంటబెట్టుకొచ్చాడు.

ఏడో ఎనిమిదో సముద్రాల అవతలి కుక్క. దూడంత మనిషి. ఒళ్లంతా బంగారుజుట్టు. తోక ఊపితే ఆ గాలికి జీడితోటలో పిందెలు రాలాయి. దొడ్డికీ రేవుబాటకీ మధ్య ఏటిపాయ మీద తాటిమొద్దు వంతెన ఉంది. చుక్కమ్మ పోయి ఆ వంతెనకి అడ్డంగా పడుకుంది.

"అక్కడే ఆగరా అల్లుడూ."

"ఏంటత్తా, చుట్టాన్ని గుమ్మంలో నిలబెడతావా?" అన్నాడు జోగినాథం ఆమె ఎడమచెవి దగ్గర చేరి.

"చుట్టమయ్యాక లోపలికి రానిస్తాను. దొడ్డి కట్టు నీకు తెలియనిదా? బయటిదేశం కుక్క ముందు వంతెన అవతలి పాకలో ఇరవై ఒక్క రోజులు ఒంటరిగా ఉండాలి. అది వచ్చిన రోజు నారాయణపక్షి ఒకసారి నెత్తురు చూస్తుంది, ఆఖరి రోజు ఇంకోసారి. అప్పుడు వంతెన దాటడం."

నారాయణపక్షి అంటే పొడుగుకాళ్ల కొంగ, ఆ ఏటి మొత్తానికీ వైద్యురాలు. ఆవిడ ముక్కే సూది. పొడిచినట్టు తెలియకుండా చుక్క నెత్తురు తీసి, ఒంటికాలి మీద నిలబడి దానికేసి చూసిందంటే ముత్తాతకి వచ్చిన జలుబు కూడా చెప్పేస్తుంది.

జోగినాథం చెవిలో దోపుకున్న కాగితం తీసి విప్పాడు. "ఇదిగో. ఓడ ఎక్కే రోజున అక్కడి డాక్టర్లు నెత్తురు చూసి ఇచ్చారు. ఏ జబ్బూ లేదు. ముద్ర చూడు, తామరాకంత ఉంది!"

"అది ఎక్కిన రోజు సంగతి. ఈ రోజు సంగతి ఏ కాగితంలో ఉంది?"

"ఓడలో నలభై రోజులు ఒంటరిగానే ఉన్నాడు కదత్తా! నీ ఇరవై ఒకటికి రెట్టింపు."

వెనక గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. ఇరవై ఒక్క రోజులంటే జంగుపిల్లికి ఇంకెన్ని బాతులు? మేక సింహాద్రమ్మ అననే అంది. "కొత్తవాడు వస్తే తన గిన్నెలో కూడు తగ్గుతుందని ముసల్దానికి గుబులు."

ఆ మాట చుక్కమ్మకి వినబడలేదు. వాళ్ల మొహాలు చూసి ఊహించుకుంది. ఊహించుకున్నది ఇంకా ఘోరంగా ఉంది.

గవ్వ తల్లి పక్కకి వచ్చి చతికిలబడింది. "అమ్మా, నాక్కూడా తోడు కావాలే. నేను పిల్లల్ని పెట్టే వేళకి జంగుపిల్లి వస్తే ఎవరు కాస్తారు?"

చుక్కమ్మ నిండుచూలాలికి పాత సంగతి చెప్పి భయపెట్టలేదు. తాను కళ్లు తెరిచి పది రోజులు కాకముందు ఈ దొడ్డికి ఒక ఓడకుక్క వచ్చింది. అందంగానే ఉంది, జుట్టు నిండా పిడుదులు. నెల తిరిగేసరికి అయిదు కుక్కలు ముక్కుల్లోంచి నెత్తురు కారి చనిపోయాయి. అందులో చుక్కమ్మ తల్లి ఒకతె. మిగిలిన కూనని గేదెపాలు పోసి బతికించారు. ఇరవై ఒక్క రోజుల కట్టు ఆ తర్వాత పెట్టిందే. ఇప్పుడున్నవాళ్లలో ఆ రోజులు చూసింది ఆమె ఒక్కతే.

"సరే," అంది నాంచారి, "తగువెందుకు? మనమే పరీక్ష చేద్దాం. ఆరోగ్యం మనకి తెలియదా?"

ముందు నాంచారే వంతెన దాటింది. హెక్టర్ చుట్టూ రెండుసార్లు తిరిగింది. నోటికేసి తేరిపార చూసింది. చూసి చూసి నిట్టూర్చింది.

"నెమరు వెయ్యడం లేదు. నాకేదో అనుమానంగా ఉంది."

"కుక్కలు నెమరు వెయ్యవు వదినా!" అన్నాడు జోగినాథం.

"వెయ్యవూ? మరి తిన్నదంతా ఒకేసారి ఎలా అరుగుతుందయ్యా పాపం?" అంటూ నాంచారి జాలిపడి సరేనంది.

తర్వాత సింహాద్రమ్మ. కాగితం అందుకుని ఒక మూల కొరికింది. "గట్టి కాగితమే. నకిలీదైతే ఇంత కమ్మగా ఉండదు. నా మాట కూడా సరే."

ఆఖరికి పుంజు అప్పన్న. అప్పన్నకి నెమ్మదిగా మాట్లాడటం రాదు. రహస్యం చెప్పినా మూడు ఊళ్లకి తెల్లారిపోతుంది. ఎగిరి హెక్టర్ వీపు మీద కూర్చుని, బంగారుజుట్టు పాయలు తీసి చూశాడు. టక్కున పొడిచాడు. మళ్లీ పొడిచాడు.

"ఆహా!" అని కూశాడు. "ఒంట్లో ఏ లోపమూ లేదు! పైగా వీపు నిండా పలహారం తెచ్చుకున్నాడు! ఒక్కో పిడుదు రేగిపండంత ఉంది! ఇలాంటి మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు!"

ముగ్గురి పరీక్షల్లో చుక్కమ్మకి సాంతం వినబడింది అదొక్కటే. చాలు. ఆమె వెన్ను మీద వెంట్రుకలు గడ్డిదుబ్బులా లేచి నిలబడ్డాయి.

జోగినాథంకేసి చూసింది. వాడు హెక్టర్‌కి ఎడంగా, గాలికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. రేవునుంచి కలిసి నడిచొచ్చినవాడు ఒక్కసారైనా ఆ కుక్కకి ఒళ్లు తగలనివ్వలేదు. చూపేమో వంతెన మీదుగా, గవ్వ మీదుగా, సరాసరి కోళ్లగూటి మీద ఉంది. దొడ్డిలో రెండే కుక్కలు. కొత్తవాడితో ముగ్గురు. ముగ్గురూ ఒకే నెలలో మంచం పడితే ఆ గూటికి కాపలా ఎవరు?

ఇప్పుడు పిడుదులని గోలపెడితే ప్రయోజనం లేదని ఆమెకి తెలుసు. పిడుదులు ఎవరికి లేవంటారు. ముసల్దానికి కుళ్లంటారు.

"పెద్దలు ముగ్గురూ సరే అన్నాక నాదేముంది?" అంది చుక్కమ్మ లేచి ఒళ్లు దులుపుకుని. "ఇరవై ఒక్క రోజులూ వద్దు. పూచీగడ్డి పరిచేద్దాం."

నాంచారికి ఆ మాట లీలగా గుర్తుంది. మిగతావాళ్లకి అదీ లేదు. చుక్కమ్మ చెప్పింది. కొత్తవాణ్ణి వెంటనే లోపలికి రానివ్వాలంటే తెచ్చినవాడు పూచీ పడాలి. పూచీ అంటే నోటిమాట కాదు. ఇద్దరికీ ఒకే గడ్డి పరుస్తారు. ఒకే గిన్నెలో పెడతారు. మూడు రోజులు ఒళ్లూ ఒళ్లూ ఆనించి పడుకోవాలి. పడుకుని లేస్తే వంతెన తెరిచినట్టే.

"ఓస్, ఇంతేనా?" అంది సింహాద్రమ్మ. "జోగినాథం బావ వీణ్ణి సొంత తమ్ముడన్నాడుగా!"

"అన్నాడు! నేను విన్నాను!" అని అప్పన్న మూడు ఊళ్లకి సాక్ష్యం చెప్పాడు.

జోగినాథం నవ్వాడు. ఆ నవ్వు మూతి దాకా వచ్చి ఆగిపోయింది. "నాకు రేవులో పనులున్నాయత్తా..."

"మూడు రోజులేగా అల్లుడూ. నీ కాగితం మీద నీకు నమ్మకం లేదా?"

"అబ్బే, ఉంది, ఉంది."

వంతెన అవతలి పాకలో గడ్డి పరిచారు. జోగినాథం ఆ గడ్డి కొసన, ఒక్క పరక మీద, మునికాళ్ల మీద కూర్చున్నాడు. నక్క అంత చిన్నగా ముడుచుకోవడం ఏటి ఒడ్డున ఎవరూ చూడలేదు. నిమ్మకాయంతయ్యాడు.

హెక్టర్ మంచివాడు. పాపం, ఓడ దిగాక మళ్లీ ఇప్పుడే పక్కన ఒక తోడు దొరికింది. వెచ్చగా వచ్చి ఆనుకుని, జోగినాథం మెడ మీద గడ్డం పెట్టాడు.

"ఓడలో కూడా ఇలాగే పడుకునేవాళ్లమన్నా," అన్నాడు. "పద్దెనిమిది మందిమి. ఒకే బోను."

"ఒకే బోనా?" అంది నాంచారి. "నలభై రోజులు ఒంటరిగా ఉన్నావన్నాడే?"

"ఒంటరిగానా? తిరగడానికి చోటుండేది కాదు పెద్దమ్మా. చివరికి పదిహేను మందిమయ్యాక కాస్త కాళ్లు చాపుకున్నాం."

"మరి ముగ్గురు?"

"దారిలో పోయారు. జ్వరం. నా పక్కనున్న ముసలాయనకి ముక్కులోంచి నెత్తురు ఆగలేదు. అన్నకి తెలుసుగా. ఓడ దిగినప్పుడు ఈ సంగతి ఎక్కడా అనొద్దని అన్నే చెప్పాడు. మీతో కూడా అనకూడదనుకోలేదు."

నాంచారి నాలుగడుగులు వెనక్కి వేసింది.

అంతలో జోగినాథం చెవి వెనక ఏదో పాకింది. చేత్తో తడిమి చూసుకున్నాడు. కందిగింజంత, ఎనిమిది కాళ్లతో, నింపాదిగా నడుస్తోంది.

నక్క పెట్టిన కేకకి రేవులో రెండు ఓడలు లంగరెత్తేశాయి. పాక కప్పు మీదుగా దూకాడు. రేవుబాట పట్టలేదు, ఏటిలో పడి ఈదాడు, ఈదుతూనే ఒళ్లు గోక్కున్నాడు. కాగితం ఇవతల గట్టునే ఉండిపోయింది. ముద్రతో సహా సింహాద్రమ్మ తినేసింది.

"నే పోవాలా?" అన్నాడు హెక్టర్ బిక్కమొహంతో. "తిరిగి ఓడెక్కమంటారా?"

"ఎందుకు నాయనా?" అంది చుక్కమ్మ వంతెన ఇవతలనుంచే. "జబ్బు ఉంటే అది నీ తప్పు కాదు. దాచిపెట్టినవాడి తప్పు. పాకలో ఉండు, కూడు వంతెన మీద పెడతాం. గవ్వ మాత్రం నీ గాలికి కూడా రాదు. కోపం తెచ్చుకోకు."

మర్నాడు నారాయణపక్షి వచ్చి హెక్టర్ ఒంటి మీద పిడుదులన్నీ ఏరించింది. అప్పన్న, అతని ఏడుగురు పెళ్లాలూ ఆ పలహారంతో లేవలేక మూడు రోజులు పడుకున్నారు. గడ్డి తగలబెట్టారు. చుక్క నెత్తురు తీసి ఆవిడ ఒంటికాలి మీద నిలబడి చూసింది.

"ఏమీ కనబడలేదు."

"చూశావా!" అంది సింహాద్రమ్మ చుక్కమ్మ చెవిలో. "ఇంత రభస చేసి ఏమీ లేదట!"

"లేదని నేను అన్నానా?" అంది నారాయణపక్షి. "కనబడలేదన్నాను. ఈ జ్వరం ఒంట్లో చేరిన కొత్తలో నెత్తురుకి ఇంకా తెలియదు. దానికి తెలిసేదాకా ఆగి మళ్లీ చూడాలి. రెండోచుక్క అందుకే."

ఆ ఇరవై ఒక్క రోజులూ చుక్కమ్మకి ఇరవై ఒక్క ఏళ్లు. జంగుపిల్లి రాకుండా వంతెన దగ్గర రెప్పవెయ్యకుండా కూర్చుంది. పన్నెండో రోజున గవ్వ అయిదు కూనల్ని పెట్టింది. ఒక్కొక్కటి గుమ్మడికాయంత. అయిదూ పాలు తాగాయి, అయిదూ అరిచాయి. ఆ అరుపు చుక్కమ్మ ఎడమచెవికి వినబడింది. కుడిచెవికి కూడా వినబడిందని ఇప్పటికీ అంటుంది.

పద్దెనిమిదో రోజున హెక్టర్ కూడు ముట్టలేదు. ఒళ్లు కాలిపోయింది, ముక్కు కొసన ఎర్రగా ఒక బొట్టు. ఇరవై ఒకటో రోజు రెండోచుక్క చూసి నారాయణపక్షి ముక్కు దించింది.

"పిడుదుజ్వరం. వేళకే దొరికింది. నెల్లాళ్లు చేదుమందు తాగితే లేస్తాడు."

సింహాద్రమ్మ తన వంతు కూడులో సగం తీసుకెళ్లి వంతెన మీద పెట్టింది.

నెల్లాళ్లు తాగాడు, లేచాడు. మళ్లీ నెత్తురు చూసి సరే అన్నాకే వంతెన దాటాడు. అతని మొదటి మొరుగుకి జంగుపిల్లి పక్క జిల్లాకి కాపురం మార్చేసింది.

అయితే హెక్టర్ ఆ పాకలో ఒంటరిగా లేడు. మందు మొదలుపెట్టిన రెండో రోజే ఒక అస్థిపంజరం తోక ఈడ్చుకుంటూ ఏటిగట్టున వచ్చి పడింది. జోగినాథం. ఒళ్లంతా జ్వరం, ముక్కునిండా నెత్తురు.

"అత్తా, చచ్చిపోతున్నాను. మందిప్పించు."

"ఇప్పిస్తాను. కట్టు ప్రకారమే. పాకలో ఉండాలి. పక్కన మీ తమ్ముడున్నాడు, పలకరించుకో."

పాకకి ఏటివైపు తడిక మాత్రమే ఉంది. తడికకి ఎదురుగా, నీళ్ల అవతలి గట్టున, దొడ్డిలో కోళ్లు మేసే చోటు. జ్వరం తగ్గి ఆకలి మొదలయ్యాక జోగినాథానికి అసలు బాధ మొదలైంది. పొద్దున్నే అప్పన్న ముందు నడుస్తాడు. వెనక ఏడుగురు పెళ్లాలు. వాళ్ల వెనక నలభై పిల్లలు, ఒక్కొక్కటీ బంతిపువ్వులా. తడిక ఎదురుగా నిలబడి అందరూ కుశలమడుగుతారు.

"అత్తా," అన్నాడు జోగినాథం తడికలోంచి ఏడుపుగొంతుతో, "నీకు పుణ్యముంటుంది, నా కళ్లకైనా గంతలు కట్టించు."

"ఎందుకురా అల్లుడూ?" అంది చుక్కమ్మ, మనవల్ని పొట్టకి ఆనించుకుని. "చూస్తే అంటుకునే జబ్బేం కాదుగా."

నీతి: కొత్తగా వచ్చినవాడి మెరుపునీ వాడి కాగితాన్నీ చూసి తలుపు తియ్యకండి, నెత్తురు రెండుసార్లు చూడండి, తెచ్చినవాడు వాడి పక్కన పడుకుంటాడో లేదో ఒక్కసారి చూడండి.