మూడోసారి ప్రవర

"మాస్టారూ, ఇన్ని పనుల్లో నా పని ఏదండీ?" అని ట్రిక్స్ అడిగాడు. పొద్దున్న ఎనిమిదవుతోంది. మండపేటలో ఒక కల్యాణమండపంలో వ్యానులోంచి స్పీకర్లు దించుతున్నారు.

అబ్బులు మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి సమాధానం చెప్పరు, ఏదో ఒక వైరు చేతికిస్తారు. క్యాసెట్ల రోజుల్నించి పెళ్ళిళ్ళకి మైకు పెడుతున్న మనిషి. ఈసారీ అంతే, ఒక వైరు చుట్ట ట్రిక్స్ చేతిలో పెట్టి, "ఇది స్టేజీ దాకా లాగు" అన్నారు.

ట్రిక్స్ ఆయన శిష్యుడు. ముప్ఫయ్యేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. పోస్టర్ల మీద 'డీజే ట్రిక్స్' అని ఉంటుంది, అందరం అలాగే పిలుస్తాం. పెళ్ళిలో పాటలు పెట్టేదీ వాడే, మైకులో మాట్లాడేదీ వాడే. ఇక నేనంటారా, వీడియో తీసేవాణ్ణి. వీళ్ళిద్దరితో కలిసి ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో లెక్కలేదు. ఇక్కడ చెప్పేదంతా కళ్ళారా చూసిందే, కొంత నా కెమెరాలో కూడా ఉంది.

వాడు అంతటితో వదల్లేదు. వైరు లాగుతూనే వెనక్కి తిరిగి మొదలెట్టాడు. "మొన్న రాయవరం పెళ్ళిలో ఒకావిడ వచ్చి, బాబూ ఈ ఫ్యాను తిరగట్లేదు చూడంది. ఇంకొకాయన నన్ను పట్టుకుని పంతులుగారూ అన్నాడు. పెళ్ళికొడుకు మేనమామ అలిగి కారెక్కి కూర్చుంటే బతిమాలి తెచ్చింది నేను. ముహూర్తానికి అరగంటుందంటే జనం లేచిపోకుండా కూర్చోబెట్టాలి. డాన్సు చేయించాలి, మళ్ళీ అప్పగింతలప్పుడు ఏడిపించాలి. ఇంటికెళ్తే మా ఆవిడ ఏమందో తెలుసా మాస్టారూ, ఉప్పెక్కడుందని అడిగినా మైకులో చెప్పినట్టు చెబుతున్నానంట. వీటన్నిట్లో నేనెవర్నో నాకే తెలీట్లేదండి."

"ఆ రెండో స్పీకరు కొంచెం గోడ వైపు తిప్పు" అన్నారు మాస్టారు.

ట్రిక్స్ గురించి ఒక మాట చెప్పాలి. వాడు మంచివాడు, కష్టజీవి, గొంతు ఖంగుమంటుంది. కానీ హాల్లో నిశ్శబ్దమంటే వాడికి ప్రాణం మీదికొస్తుంది. రెండు క్షణాలు ఖాళీ దొరికితే చాలు, మాటతోనో పాటతోనో పూడ్చేస్తాడు. ఎదుటి మనిషి మాట కూడా సగంలోనే అందుకుంటాడు. అది తన చురుకుదనమని వాడి నమ్మకం. పెళ్ళివాళ్ళు కూడా దాన్ని చూసే వాణ్ణి పిలుస్తారు, కాదనను.

తొమ్మిదింటికి పెళ్ళికూతురు తండ్రి వచ్చాడు. భాస్కరం గారని, కాలవ లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం దించడం ఆయన ఉద్యోగం. పట్టుపంచె కొత్తది, నడుస్తుంటే కాళ్ళకి అడ్డం పడుతోంది. ఆయనకి నత్తి. ట్రిక్స్ పాటలు పెట్టే సౌండు బోర్డు ముందు నిలబడి, "బా... బాబూ, ఆ పే... పేర్లు చె... చెప్పేటప్పుడు..." అన్నాడో లేదో, ట్రిక్స్ అందుకున్నాడు. "అర్థమైందండి. నేను చూసుకుంటానుగా. మీరు హాయిగా వెళ్ళి కూర్చోండి." భాస్కరం గారు కదల్లేదు, మళ్ళీ నోరు తెరిచాడు. ఈలోగా ట్రిక్స్ మైకు అందుకుని, గేటుకి అడ్డంగా పెట్టిన తెల్లకారు ఎవరిదో తీయించమని చెబుతున్నాడు. ఆయన కాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయాడు.

ఆయన ఏం చెప్పబోయాడో నాకు అరగంట తర్వాత తెలిసింది. పెళ్ళికూతురు గదిలో నగలు పెట్టుకునేది తీస్తుంటే, ఆ అమ్మాయి ప్రత్యూష, అద్దంలోంచి నన్ను చూస్తూ చెప్పింది.

"అన్నయ్యా, కన్యాదానంలో నాన్న పేర్లు చెప్పేటప్పుడు కెమెరా పక్కకి తిప్పకండి. నాన్నకి మాట రాదని, బదులు బాబాయిని పీటల మీద కూర్చోబెడదామన్నారు ఇంట్లో అందరూ. నాన్న ఒప్పుకోలేదు. నా కూతుర్ని నేనే ఇస్తానన్నారు. రెండు నెలల్నించి రోజూ లాకుల మీద నిలబడి ఆ పేర్లే చెప్పుకుంటున్నారు. లేటయినా ఆగండి. ఆయన చెబుతారు."

అలాగేనమ్మా అన్నాను. అప్పుడే వెళ్ళి ఆ మాట ట్రిక్స్ చెవిన వెయ్యాల్సింది. పెళ్ళికొడుకు కారు వచ్చేసిందని ఎవరో అరిస్తే కెమెరా భుజాన వేసుకుని గేటుకి పరిగెత్తాను. నా తప్పు నేను ఒప్పుకోవాలి కదా.

తర్వాత రెండు గంటలు ఎవరికీ ఊపిరి సలపలేదు. పెళ్ళికొడుకు దిగేటప్పుడు పెట్టాల్సిన పాట వాళ్ళ స్నేహితులకి నచ్చలేదు, మార్చమన్నారు. మారిస్తే వాళ్ళ నాన్నమ్మకి నచ్చలేదు. టిఫిన్ల దగ్గర ఇడ్లీ అయిపోయిందని అబద్ధం ఒకటి పుట్టి హాలంతా లేచింది, ట్రిక్స్ మైకులో నవ్వించి కూర్చోబెట్టాడు. ఒక ముసలాయన కళ్ళజోడు పోయింది, అది ఆయన నెత్తిమీదే ఉందని మైకులో చెప్పకుండా వెళ్ళి చెవిలో చెప్పొచ్చాడు, అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి. కరెంటు పోయింది, వచ్చింది. సన్నాయి ఆయన కాఫీ అడిగాడు. ఇంతలో వియ్యాలవారి వైపు కుర్చీలు చాల్లేదని ఒక గొడవ. వాడు ఒక్కచోట నిలబడితే ఒట్టు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది, అయినా గొంతులో మాత్రం పండగే. అబ్బులు మాస్టారు వెనక వరసలో ఒక కుర్చీ లాక్కుని, చుట్టంలాగా కూర్చుని అంతా చూస్తున్నారు.

ముహూర్తం పదకొండూ నలభై రెండుకి. దానికి ముందు కన్యాదానం. పంతులుగారు అందిస్తుంటే పిల్ల తండ్రి తన నోటితో వంశం చెప్పాలి. గోత్రం, ముత్తాత పేరు, తాత పేరు, తన పేరు చెప్పి, ఇలాంటివారి పిల్లని మీ అబ్బాయికిస్తున్నానని అనాలి. దాన్ని ప్రవర అంటారు, మూడుసార్లు చెబుతారు. పంతులుగారి ఉత్తరీయానికి చిన్న మైకు తగిలించి ఉంది కాబట్టి పక్కన కూర్చున్నవాళ్ళ మాటా హాలంతా వినపడుతుంది.

మొదటిసారి భాస్కరం గారు గోత్రం బాగానే చెప్పాడు. ముత్తాత పేరు దగ్గర ఆగిపోయాడు. "ప... ప..." అంటున్నాడు. పెదవులు కలుస్తున్నాయి, విడట్లేదు. ఒక క్షణం. రెండో క్షణం.

ట్రిక్స్ అందుకున్నాడు. చేతిలో పెళ్ళివారిచ్చిన పేర్ల కాగితం ఉంది, చూసి ఖంగున చెప్పేశాడు. "పట్టాభిరామయ్య గారి మునిమనవరాలు మన ప్రత్యూష! అందరూ ఒక్కసారి గట్టిగా చప్పట్లు." నాలుగొందల మంది చప్పట్లు కొట్టారు. పంతులుగారు ఆ అబ్బాయి భలే సమయానికి అందుకున్నాడని తలూపి, మిగతాది తానే ముగించేశారు. ట్రిక్స్ నా వైపు చూసి బొటనవేలు చూపించాడు. ఒక మనిషి పరువు కాపాడానని వాడి సంతోషం.

నేను కెమెరాలో భాస్కరం గారి ముఖం దగ్గరికి లాగాను. ఆయన నోరు మూసుకున్నాడు. చెమట కూడా తుడుచుకోలేదు. రెండోసారి పంతులుగారు గోత్రం అందించేసరికి వెనకనించి ఆయన తమ్ముడు ముందుకు వంగాడు. సొసైటీ ప్రెసిడెంటు ఆయన, మైకు కనపడితే వదలడు. "నువ్వుండన్నయ్యా, నేను చెబుతాలే" అని గడగడా మూడు పేర్లూ చెప్పేశాడు. తండ్రి పీటల మీద కూర్చునే ఉన్నాడు, కానీ కూతుర్ని ఇస్తున్నది వేరేవాళ్ళ గొంతు. ప్రత్యూష తెర ఇవతల తల వంచుకుని ఉన్నదల్లా, తల ఎత్తి నన్ను చూసింది. నాకు సిగ్గేసింది.

ఎప్పుడు లేచి వచ్చారో, మాస్టారు నా పక్కన ఉన్నారు. "ఆయనకేం కావాలి?" అన్నారు.

"పేర్లు ఆయనే చెప్పాలంటండి. ఎంతసేపయినా సరే."

మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్ళారు. ట్రిక్స్ చేతిలో మైకు తీసుకుని, వెనక సన్నగా నడుస్తున్న వేణువు పాట ఆపేశారు. వాడు ఏదో అడగబోతే, "ఇక్కడే ఉండు" అన్నారు, అంతే. అదే మైకుతో స్టేజీ ఎక్కి, చెప్పులు విడిచి, భాస్కరం గారి పక్కన నేలమీద చతికిలబడ్డారు. పంతులుగారితో మెల్లగా, "మూడోసారి వారినే చెప్పనివ్వండి" అన్నారు. మైకు భాస్కరం గారి నోటి ముందు పెట్టి పట్టుకున్నారు. తమ్ముడు ముందుకు వంగబోతే రెండో చెయ్యి అడ్డం పెట్టారు.

గోత్రం వచ్చింది. "ప..." దగ్గర ఆగింది.

ఆ తర్వాత ఇరవై మూడు సెకన్లు. నా వీడియోలో చూసి చెబుతున్నాను, ఆ రోజైతే నేను అరగంట అనుకున్నాను. హాల్లో పాట లేదు. స్టేజీ మీది ఫ్యాను చప్పుడు వినపడుతోంది. సన్నాయి ఆయన ఏదో చెయ్యాలనిపించి సన్నాయి నోటికి ఎత్తుకున్నాడు, మాస్టారు చూసిన చూపుకి దించేశాడు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. వియ్యాలవారి వైపునించి ఒకాయన, "ఎవరైనా అందించండయ్యా, టైమవుతోంది" అన్నాడు. పంతులుగారు గోడ గడియారం చూశారు, నేనూ చూశాను, పదకొండూ ముప్ఫై నాలుగు. ఇవతల బోర్డు దగ్గర ట్రిక్స్ వేలు వేణువు పాట మీదే ఉంది. నొక్కితే అయిపోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వాడు ఆ వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. నిజంగా పట్టుకున్నాడండి, నేను చూశాను. మాస్టారి చెయ్యి మాత్రం కదల్లేదు.

"పట్టాభిరామయ్య" అన్నాడు భాస్కరం గారు.

తర్వాతి రెండు పేర్లూ అంత తేలిగ్గా ఏం రాలేదు. కానీ వచ్చాయి, ఆయన నోటినించే వచ్చాయి. చివరన నా కూతురు ప్రత్యూషని ఇస్తున్నానన్నప్పుడు మాత్రం తడబాటు లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ట్రిక్స్ కొట్టమనలేదు. ప్రత్యూష ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. ఏడిస్తే వీడియో వణుకుతుందని ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. జీలకర్ర బెల్లం పదకొండూ నలభై రెండుకే పెట్టారు, నిమిషం కూడా తప్పలేదు.

మూడింటికి భోజనాలు సద్దుమణిగాక వైర్లు చుడుతున్నాం. ట్రిక్స్ ఒకచోట నిలబడలేకపోతున్నాడు. చుట్టిన వైరే మళ్ళీ విప్పి చుడుతున్నాడు. "పొద్దున్న ఆయన ఈ మాటే చెప్పబోయాడు మాస్టారూ. నేనే విన్లేదు. నన్ను తిట్టండి." మాస్టారు తిట్టలేదు. "వెళ్ళి కాళ్ళ మీద పడతాను" అన్నాడు. వాడు లోలోపల మాటలు పేర్చుకుంటున్నాడని పెదవుల కదలికలోనే తెలుస్తోంది, బాగా పేర్చగలడు కూడా.

ఈలోగా ఆయనే వచ్చాడు. పట్టుపంచె పసుపయింది. ట్రిక్స్ గబుక్కున ఎదురెళ్ళి, "క్షమించండి సార్, నేను..." అని మొదలెట్టేసరికి భాస్కరం గారు చెయ్యి ఎత్తాడు. వాడు ఆపాడు. ఆయన నోరు తెరిచాడు. నాకు తెలిసి ట్రిక్స్ జన్మలో మొదటిసారి, మాట అందుకోకుండా నిలబడ్డాడు.

"నీ పే... పేరేంటి నాయనా?"

"ట్రి..." అని, మళ్ళీ తనే మార్చుకుని, "త్రిమూర్తులండి. సుంకర త్రిమూర్తులు" అన్నాడు.

భాస్కరం గారు ఆ పేరు తనూ అనడానికి సిద్ధమయ్యాడు. ఒత్తులున్న పేరు, ఆయనకి కష్టం. "త్రి... త్రి..." దగ్గర చాలాసేపు పట్టింది. వాడు తల వంచుకోలేదు, నవ్వలేదు, సాయం చెయ్యలేదు. తన పేరు పూర్తిగా వచ్చేదాకా ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి ఇద్దరికీ.

"త్రిమూర్తులూ, భోంచేసి వెళ్ళు" అన్నాడాయన. వాడి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

వాడు మాస్టారి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "పొద్దున్న అడిగినదానికి చెప్పనేలేదు మాస్టారూ. ఇన్ని పనుల్లో నేనెవర్ని?" అన్నాడు.

మాస్టారు స్పీకరు మీద గుడ్డ కప్పుతున్నారు. "ఇందాక ఆయన ముందు ఒకడు నిలబడ్డాడే," అన్నారు, "వాణ్ణడుగు."