గుబురమ్మ ఫోటో

అనగనగా ఒక అడవి. చెట్ల అడవి కాదర్రా, వెచ్చటి సముద్రం అడుగున పగడాల అడవి! అందులో వేలిగోరంత పీత ఒకటి ఉండేది. పేరు గుబురమ్మ. నాచు, స్పాంజి, గవ్వ ముక్కలు వీపుకి తగిలించుకుని తిరగడం వాళ్ల వంశాచారం. అలా ఉంటే పెద్ద చేపల కంట పడరు మరి.

ఒకరోజు ఒక అమ్మాయి కెమెరాతో నీళ్లలోకి దిగింది. పెద్ద చేపల వంక కన్నెత్తి చూస్తే ఒట్టు! చిట్టి ప్రాణుల్నే వెతికి, దగ్గరికెళ్లి ఫోటో తీసేది. మొదటిరోజు మీసాల రొయ్యత్తని తీసింది. రెండోరోజు మిరపగింజంత నత్తని తీసింది.

"రేపు నీ వంతేనే!" అంది రొయ్యత్త.

గుబురమ్మ తన వీపు చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది. "ఈ చింకిగుడ్డలతోనా అత్తా?"

"ఒసే పిచ్చిమొద్దూ! నీ ప్రాణం కాచేవి అవే. తియ్యకు."

వింటేగా! తెల్లారగానే నాచు పీకేసింది. స్పాంజి పీకేసింది. చివరికి గవ్వముక్క కూడా పీకేసింది. ఇసుకలో వీపు రుద్దుకుని, ఎర్రగా మెరిసిపోతూ పగడం కొమ్మెక్కి నిలబడింది. ఎంత మురిసిపోయిందో!

అమ్మాయి వచ్చింది. చేతిలో చిన్న పలక ఉంది. దాని మీద తను వెతికే ప్రాణి బొమ్మ గీసుకుంది. గుబురమ్మని చూసింది, పలక చూసుకుంది, పక్కకి వెళ్లిపోయింది.

"ఒసేయ్! ఆ బొమ్మ నీదే, గుబురుతో సహా!" అని అరిచింది రొయ్యత్త. అంతలోనే, "అయ్యో, వెనక చూడు!" అంది.

వెనక పెద్దనోటి చేప! ఎర్రటి మెరుపు చూసి నోరు తెరుచుకుని వస్తోంది. గుబురమ్మ దబ్బున కిందికి దూకి, పీకి పారేసిన నాచులో దూరింది. చేతికందింది అందినట్టు వీపుకి తగిలించుకుని బిగుసుకుపోయింది.

"ఇప్పుడే ఇక్కడ ఏదో మెరిసిందే!" అంటూ చేప మూడుసార్లు చుట్టూ తిరిగింది. ఏమీ కనిపించక, విసుక్కుంటూ పోయింది.

బతుకుజీవుడా అని గుబురమ్మ రెండు కళ్లూ బయటపెట్టింది. ఎదురుగా, తిరిగొచ్చిన అమ్మాయి కెమెరా! తళుక్కుమని వెలుగు! అమ్మాయి పట్టలేని సంతోషంతో బుడగలు బుడబుడా వదిలింది.

"అయ్యో అత్తా, నాచు తలకిందులుగా పెట్టుకున్నానే!" అంది గుబురమ్మ.

రొయ్యత్త మీసాలు ఊగేలా నవ్వింది. "ఉండనీవే. ఫోటోలో బతికున్నావు, అది చాలు!"

గుబురమ్మకీ నవ్వాగలేదు. నవ్వుతూనే గవ్వముక్క వెతుక్కుని వీపుకి పెట్టుకుంది.

నీతి: నలుగురూ మెచ్చాలని, మనల్ని కాపాడేదాన్ని వదులుకోకూడదు.