రాజుగారి నాణెం, పూటకూళ్ళమ్మ పళ్ళు

ఒకానొక రాజ్యంలో, అది ఫ్రాన్సేనని నా గుర్తు, ఒక రాజుగారు ఉండేవారు. రైళ్ళు అప్పుడప్పుడే వస్తున్న కాలం. రాజుగారి పేరు మరచిపోయాను. ఈ కథలో ఆయన భోజనానికి కూర్చున్నది నది ఒడ్డునో, కొండదారిలోనో కూడా నిశ్చయంగా చెప్పలేను. జ్ఞాపకం ఊళ్ళను జారవిడిచి మాటలను దాచుకుంటుంది. మాటలు మాత్రం సరిగానే ఉన్నాయనుకుంటాను.

ఆ రాజ్యంలో గాస్పార్ లెర్మీ అనే బ్యాంకరు ఉండేవాడు. జనం ఎన్నుకొని చట్టసభకు పంపిన మనిషి కూడాను. అడిగితే వెండి ఇస్తానని ఆయన సంతకం చేసిన కాగితాలు బజారులో నాణేల్లా చెల్లేవి. వాటిమీద తన బొమ్మ లేదని రాజుగారికి కంటగింపు.

"నా ముఖం లేని కాగితాన్ని ఎవరు నమ్ముతారయ్యా? రేపే నీ బ్యాంకు మూసెయ్యి" అన్నారొకనాడు.

ఆ కాగితాలతోనే ఊళ్ళోని పట్టు మగ్గాలన్నీ ఆడుతున్నాయి. కాని వాదిస్తే రాజుగారి పంతం పెరుగుతుందని గాస్పార్‌కు తెలుసు.

"చిత్తం మహాప్రభూ. ముందు ఒక్కపూట మారువేషంలో నాతో భోజనానికి దయచేయాలి. అక్కడ తమ నాణేనికి మన్నన ఎక్కువైతే తాళాలు తమ పాదాల దగ్గర పెడతాను. నా కాగితానికి ఎక్కువైతే బ్యాంకును ఉండనివ్వాలి."

పందెమంటే రాజుగారికి సరదా. ఒప్పుకున్నారు.

ఇద్దరూ దారిపక్క పూటకూళ్ళ ఇంట్లో కూర్చున్నారు. పూటకూళ్ళమ్మ ఫ్లోరీన్ పొగలు కక్కే ఉల్లిపాయ సూపు పోసింది. రాజుగారు మారడిగి మరీ తాగి, వెండి నాణెం దర్జాగా బల్లమీద పడేశారు. ఆమె దాన్ని రాతిమీద వేసి మోగించింది. అదీ చాలక పళ్ళ మధ్య పెట్టి కొరికింది.

"ఏమమ్మా, దానిమీద ఎవరి ముఖముందో కనబడటం లేదా?"

"కనబడబట్టే కొరుకుతున్నానయ్యా! ఈయనగారి మంత్రులు కిందటేడు వెండిలో రాగి కలిపారు." ఆమె నాణేన్నీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "ముక్కు అచ్చం నీదే సుమా! కాని రాజుగారు నాజూకు మనిషి. ఆయనకిలా బుగ్గలు వేలాడవు."

గాస్పార్ నవ్వు ఆపుకోలేక రొట్టెముక్క నోట్లో కుక్కుకున్నాడు. తరువాత తన భోజనానికి ఒక కాగితం అందించాడు. ఆమె సంతకం వైపు ఒక చూపు చూసి, దాన్ని నడుము సంచిలో దోపుకుంది.

బయటికి రాగానే రాజుగారి ముఖం కందిపోయింది. "అంటే, జనం నాకంటే నిన్నే నమ్ముతారన్నమాట!"

పందెం గెలిచిన చోటే ప్రమాదం మొదలైందని గాస్పార్‌కు అర్థమైంది. అవునంటే తల పోతుంది, కాదంటే బ్యాంకు పోతుంది.

"నన్నూ నమ్మరు మహాప్రభూ. కాగితానికి వెండి ఇవ్వకపోతే వచ్చి నా తలుపు విరగ్గొట్టవచ్చునని వాళ్ళ ధైర్యం. నాది పలచని తలుపు. తమ కోట తలుపు విరగ్గొట్టడం ఎవరి తరం? అందుకే పాపం, నాణెం కొరికి చూసుకుంటున్నారు."

రాజుగారు ఆగిపోయారు. ముందు పొగడ్త చెవికెక్కింది. చురక కాస్త ఆలస్యంగా చేరింది. చేరాక పొట్ట పట్టుకుని నవ్వారు.

"బ్యాంకు నీదేనయ్యా. కానుకగా గట్టి ఓక్ చెక్క తలుపొకటి చేయించి పంపుతాను."

"వద్దు ప్రభూ! అది బిగించిన రోజే నా కాగితాన్నీ కొరకడం మొదలుపెడతారు."

రాజుగారు మళ్ళీ నవ్వి, తలుపుకు బదులు నాణేలు కొట్టే టంకశాల పెత్తనం ఇచ్చారు. రాగి కలపడం ఆగింది. మగ్గాలు ఆగలేదు.

రాజుగారి కోట తలుపు నిజంగా ఎంత గట్టిదో కొన్నేళ్ళకు, జనం దానిమీదికి వచ్చిన రోజున తేలింది. ఆ సంగతి మాత్రం నాకు బాగా గుర్తుంది. నవ్వుతున్న మనిషిని ఆ నవ్వులోనే వదిలిపెడదామని, కావాలనే చెప్పలేదు.