ఎత్తిన కాలు, మోపిన కాలు

ఎర్రగుట్ట కింద ఓబులేసు దొడ్డిలో పదకొండు మేకలూ ఒక ముసలి ఎద్దూ ఉండేవి. పొద్దున గుట్ట ఎక్కడం, పొద్దుగూకేసరికి దిగడం మేకల పని. ఎద్దుకు పని తీరిపోయింది. పద్నాలుగేళ్లు కాడి మోసి, ఇప్పుడు గాటి దగ్గర నెమరేసుకుంటూ వచ్చేపోయేవాళ్ల మంచిచెడ్డలు అడుగుతుండేవాడు. ఒళ్లంతా మచ్చలు కాబట్టి అందరూ మైలన్న అనేవాళ్లు.

మేకలన్నిటికీ ముందు నడిచేది బొల్లి. దొడ్డికీ గుట్టకూ మధ్య గుండ్లవంక అడ్డం. వానాకాలంలో నాలుగు రోజులు తప్ప అందులో నీళ్లుండవు. అంతా గుండ్రాళ్లే, కాలు పెడితే దొర్లేవి. మిగతా మేకలు ఒక్కో రాయీ చూసుకుని దాటేవి. బొల్లి మూడు గెంతుల్లో అవతల తేలేది. అక్కడ నిలబడి, "ఇంకా అక్కడే ఉన్నారా?" అని అడగడం దానికి రోజూ సరదా.

ముసురు పట్టిన ఒక పొద్దున మూడో గెంతు పూర్తికాకముందే వెనక్కి తిరిగి చూసింది. కుడి వెనక కాలు తడిరాయి మీద పడింది. రాయి దొర్లింది. గిట్ట లోపలికి మడతపడి, చీలమండలో ఏదో తెగినట్టు చురుక్కుమంది. బొల్లి కూలబడింది.

దాని అరుపు విని ముందు వచ్చింది మైలన్నే. వంకలో అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, పక్కన నిలబడ్డాడు.

"నా డొక్కకు ఆనుకుని లే. తొందరేం లేదు, నాకు పనేముంది గనక."

మంద గుట్ట ఎక్కిపోయింది. వాళ్లిద్దరూ దొడ్డికి పోలేదు, జమ్ముకుంటకు పోయారు. అక్కడ నారాయణపక్షి ఒకటి ఏళ్ల తరబడి ఒంటికాలి మీద నిలబడి చేపలు పట్టుకుంటూ ఉండేది. చుట్టుపక్కల జంతువులకు అది నారాయణత్త.

"నాలుగడుగులు వెయ్యి, చూస్తాను," అంది నారాయణత్త.

బొల్లి పళ్లు బిగించి వేసింది. కుంటుతూనే వేసింది.

"వేశావు. ఎముక విరగలేదు, బెణికింది. అడుగే పడకపోతే నా వల్ల అయ్యే పని కాదని చెప్పేదాన్ని. నీళ్లలోకి రా, కాలు మునిగేట్టు నిలబడు. ఒళ్లు జిల్లుమన్నప్పుడు బయటికిరా. రోజుకు నాలుగైదు సార్లు ఇదే పని. దొడ్డిలో పడుకున్నప్పుడు గడ్డిమోపు మీద కాలు ఎత్తిపెట్టుకో."

కుంట గట్టున ఈతచెట్టుకు గూడు అల్లుతున్న గిజిగాణ్ణి కేకేసింది. గిజిగాడు ఈతాకు చీలికలు తెచ్చి, గిట్ట పైనుంచి మోకాలి కిందిదాకా పట్టీ అల్లాడు.

"బిగువుగా ఉందా?" అని అడిగాడు.

"కొంచెం గిట్ట మొద్దుబారుతోంది."

"అయితే మరీ బిగిసింది," అని విప్పి మళ్లీ మొదటినుంచి అల్లాడు. ఆ పూటంతా అతని గూటి పని ఆగిపోయింది.

ఐదు రోజులకు వాపు తీసింది. ఆరో రోజు మధ్యాహ్నం దొడ్డి కంచె అవతల చిట్టెన్న కనిపించాడు. చిట్టెన్న గుట్ట మీది నక్క. పరిగెత్తే మేకను పట్టే సత్తువ అతనికి లేదు. కుంటే మేక అయితే వేరే సంగతి.

"ఎట్లుంది చెల్లెమ్మా కాలు?"

"నొప్పి దాదాపు పోయింది."

"పోయాక ఇంకా ఈ పట్టీ దేనికి? నీకు తెలుసో లేదో, మందకు ముందు ఇప్పుడు చెంగి నడుస్తోంది. నిన్న వంక దాటి వెనక్కి తిరిగి, బొల్లి పని అయిపోయిందని నవ్వింది. నాకు బాధేసి వచ్చాను."

"చెంగి అలా అందా?"

"నేనెందుకు అబద్ధం చెప్తాను? రేపు వంకలోని పెద్ద బండ దగ్గర ఒక్క గెంతు గెంతి చూపించు. అందరి నోళ్లూ మూతపడతాయి."

బొల్లికి రాత్రంతా ఆ నవ్వే వినిపించింది. తెల్లవారగానే పట్టీ కొరికి పారేసింది. మైలన్న లేవకముందే, మంద కదలకముందే వంకలోకి దిగి, పెద్ద బండ ఎక్కి గెంతింది.

అదే కాలు, అదే మడత. ఈసారి నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. కళ్లు తెరిచేసరికి పొద చాటునుంచి చిట్టెన్న తీరుబడిగా నడిచి వస్తున్నాడు.

"నొప్పిగా ఉందా చెల్లెమ్మా?" అన్నాడు. గొంతులో ఆ ముందురోజు బాధ లేదు.

బొల్లికి అప్పుడు అంతా అర్థమైంది. అర్థమై చేసేదేముంది, లేవలేకపోయింది. గట్టిగా అరిచింది. నక్క ఇంకా పది అడుగుల దూరంలో ఉండగా రాళ్లు దొర్లిన చప్పుడైంది. మైలన్న కొమ్ములు వంచుకుని వస్తున్నాడు. ఆయన వెనకే చెంగి. దొడ్డిలో బొల్లి లేకపోవడం ముందు చూసింది చెంగే, మైలన్నను లేపిందీ చెంగే. చిట్టెన్న పొదలోకి తప్పుకున్నాడు.

దారిలో బొల్లి అడిగింది. "నా పని అయిపోయిందన్నావట?"

చెంగి బిత్తరపోయింది. "నేనా? రోజూ వంక దగ్గర నాకు కాళ్లు వణుకుతున్నాయక్కా. నువ్వెప్పుడొస్తావా అని చూస్తున్నాను."

ఆరు రోజులుగా తన ముందు పొద్దూకే వేళకు తుమ్మకాయలు పడి ఉండటం, అవి ఎవరు తెచ్చిపెడుతున్నారో తను ఒక్కసారీ అడగకపోవడం గుర్తొచ్చి, అవి తెచ్చింది చెంగేనని తట్టి, బొల్లి తలదించుకుని నడిచింది.

నారాయణత్త తిట్టలేదు. నాలుగడుగులు వేయించి చూసి, కాలిని నీళ్లలో పెట్టించింది. గిజిగాడు చెప్పకముందే ఈతాకు తెచ్చాడు.

"అత్తా, నొప్పి పోయింది కదా అనుకున్నాను," అంది బొల్లి.

"నాకూ ఒకసారి వలలో చిక్కి కాలు మెలిపడింది. ఎగరగలను కదా, కాలిదేముందిలే అనుకున్నాను. రెండేళ్లు నిలబడ్డ చోటల్లా తూలాను. నొప్పి ముందే పోతుందమ్మాయ్. బలం నిదానంగా వస్తుంది. ఆ రెంటికీ మధ్య రోజులున్నాయే, అప్పుడే మళ్లీ పడతాం. నాకిది చెప్పేవాళ్లు లేరు. నీకు నేనున్నాను, విను."

ఈసారి బొల్లి విన్నది. వాపు తగ్గేదాకా కదల్లేదు. తగ్గాక నారాయణత్త నీళ్లలో గిట్టతో సున్నాలు చుట్టమంది, ఇటు ఇరవై, అటు ఇరవై. అది పసిపిల్లల ఆటలా అనిపించినా చుట్టింది. వారం పోయాక కుంట గట్టున చదునైన నేల మీద నడక. మూడో వారంలో నారాయణత్త అంది:

"ఇప్పుడు ఎడమ వెనక కాలు ఎత్తు."

"మంచి కాలా?"

"మంచి కాలే. బరువంతా బెణికిన కాలి మీదికి రానీ. నేను ఒంటికాలి మీద నిలబడేది చేపల కోసమే అనుకున్నావా?"

బొల్లి ఎత్తింది. చీలమండ అటూ ఇటూ వణికి, మూడు లెక్కపెట్టేలోగా పడిపోయింది. మైలన్న నవ్వు ఆపుకోలేక తల అటు తిప్పుకున్నాడు. మళ్లీ ఎత్తింది. పది రోజులకు ముప్పై లెక్కదాకా కదలకుండా నిలబడింది. అప్పుడు కళ్లు మూసుకుని నిలబడమంది నారాయణత్త. మళ్లీ మూడు దగ్గరే పడింది. మళ్లీ మొదలుపెట్టింది.

ఒక పొద్దున అలా నిలబడి ఉండగా జమ్ము మధ్యన రెండు చెవులు కనిపించాయి.

"అత్తా, చిట్టెన్న చూస్తున్నాడు," అంది మెల్లిగా.

"చూడనీ. వాడికి కనిపించేది ఎత్తిన కాలు. నువ్వు మోపిన కాలు చూసుకో."

చిట్టెన్న రోజూ ఆ వేళకే వచ్చి చూశాడు. రోజూ మేక మూడు కాళ్ల మీదే ఉంది. నెల దాటినా నాలుగో కాలు నేలకు దించలేకపోతోంది, ఇక ఈ జన్మకు ఇంతే అని సంతోషపడ్డాడు. ఏ కాలు బెణికిందో, ఏ కాలు ఎత్తిందో చూడాలన్న ఆలోచన అతనికి రానేలేదు.

ఇసకలో నడక అయింది. పక్కకు గెంతడం, దిగినప్పుడు మోకాళ్లు వంచి మెత్తగా దిగడం అయింది. ఒకరోజు బొల్లిని వంక గట్టుకు తీసుకుపోయి నారాయణత్త అంది: "ఎగిరేముందు దిగే చోటు చూడు. దిగాకే వెనక్కి చూడు. పొద్దున్నే ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, ముందు నాలుగు బారలు నడిచి, ఆ తర్వాత రాళ్లెక్కు. ఇక నేను చెప్పేది లేదు."

మర్నాడు బొల్లి మందతో బయల్దేరింది. చెంగి పక్కకు జరిగి ముందు చోటు ఇచ్చింది.

"నువ్వే నడువు," అంది బొల్లి. "నేను వెనక వస్తాను. నిదానంగా దాటాలని ఉంది."

మంద వంక దాటింది. అందరికీ చివర బొల్లి, ఒక్కో రాయీ గిట్టతో తట్టి చూసుకుంటూ వస్తోంది. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి పెద్ద బండ మీద చిట్టెన్న లేచి నిలబడ్డాడు.

"మందను అందుకోలేకపోతున్నావా చెల్లెమ్మా?"

"నిదానంగా పోతున్నాను, అంతే."

"నెలన్నర నుంచి చూస్తున్నాను. ఆ కాలు గట్టిగా మోపే ఆశ లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడంటే ఎద్దు వచ్చింది. ఈ రోజు ఎద్దును ఓబులేసు సంతకు తోలుకుపోయాడు, నేను చూశాను."

అది నిజమే. సంతలో బళ్లు ఆపే చోట పిల్లలు వీపెక్కి ఆడుకుంటారని ఓబులేసు మైలన్నను అప్పుడప్పుడు తీసుకుపోతాడు. అరిస్తే వచ్చేవాళ్లు లేరు. పరిగెత్తితే రాళ్లు దొర్లుతాయి. కింద నాలుగు కాళ్లూ ఎక్కడున్నాయో బొల్లి ఒకసారి చూసుకుంది. కుడి వెనక కాలు ఒక చదునైన రాయి మీద ఉంది. రాయి కదలడం లేదు. కాలూ వణకడం లేదు.

చిట్టెన్న బండ మీదినుంచి దూకాడు, కుంటి మేక ఎటు తూలుతుందో లెక్కవేసుకుని మరీ దూకాడు. బొల్లి తూలలేదు. బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ కాలు లేపి, పక్కరాయి మీదికి ఒక్క గెంతు గెంతి మెత్తగా దిగింది. అతను దూకిన చోట మేక లేదు, మంచుకు తడిసిన రాళ్లున్నాయి. వాటి మీద జారి, దొర్లుకుంటూ పోయి గట్టు కింది నాగజెముడు పొదలో ఆగాడు.

కాసేపటికి పొదలోంచి మూలుగు వినిపించింది. "కాలు దించలేవు కదా నువ్వు?"

"నువ్వు చూసింది మంచి కాలు చిట్టెన్నా," అంది బొల్లి.

ముళ్లు తీసుకోవడానికి అతనికి ఎండాకాలందాకా పట్టింది. ఆ తర్వాత ఎర్రగుట్ట వదిలి ఎటో పోయాడు.

సాయంత్రం బొల్లి దొడ్డికి పోకుండా తిన్నగా కుంటకు వచ్చింది. జరిగింది చెప్పింది.

"నీ రుణం ఎలా తీర్చుకోను అత్తా? నీకు నేను తెచ్చివ్వగలిగేది ఏదీ లేదు. తుమ్మకాయలు నువ్వు తినవు."

"పొద్దున పూట నీళ్లలో అటూ ఇటూ నడువు," అంది నారాయణత్త. "నువ్వు కదిలిస్తే జమ్ములో దాక్కున్న చేపలు బయటికొస్తాయి. వయసైపోయింది, వెతికి పట్టడం కష్టంగా ఉంది."

ఆ మర్నాటినుంచి బొల్లి మందకన్నా ముందే లేచి కుంటలో దిగి నడిచేది. నీళ్లలో నడక కాలికీ మంచిదే. తరవాత గట్టున ఒక్కో కాలూ ఎత్తి నిలబడేది. దాన్ని చూసి చెంగి నిలబడింది, చెంగిని చూసి మేకపిల్లలు నిలబడ్డాయి, వరసగా పడిపోయాయి, మళ్లీ నిలబడ్డాయి. గిజిగాడికి గూట్లో మెత్త వేసుకోవడానికి బొల్లి తన రాలిన వెంట్రుకలు ఈతచెట్టు మొదట్లో పెట్టి వచ్చేది. గుట్ట దిగేటప్పుడు నోటినిండా పచ్చగడ్డి పట్టుకొచ్చి మైలన్న ముందు వేసేది.

"ఎందుకే ఇదంతా, నేను చేసిందేముంది, ఊరికే పక్కన నిలబడ్డాను," అనేవాడు మైలన్న.

"ఆనుకోవడానికి నువ్వు నిలబడబట్టే కదా లేచాను," అనేది బొల్లి, ఆ గడ్డిలోని ముళ్లు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతూ.

నొప్పి పోయిందని లేచి గెంతేవాళ్లకు కాదు, బలం వచ్చేదాకా ఓపిక పట్టి, పట్టించినవాళ్లను మరిచిపోనివాళ్లకే కాలు నిజంగా నయమవుతుంది.