రెండో తుమ్ము

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. గోదావరి మధ్యలో పొగాకు పండే కొత్తలంకలో గవర్రాజు అనే యువకుడు ఉండేవాడు; మంచి శకునం అయితే తప్ప గడప దాటేవాడు కాదు.

పొగాకు ఊళ్లో శకునాలు చూడడం ఎంత కష్టమో ముందు చెప్పాలి. ఆకు ఎండే కాలంలో అక్కడ తుమ్మనివాడు ఉండడు. పురోహితుడు మంత్రం మధ్యలో తుమ్మేవాడు. పెళ్లికొడుకు తాళి కడుతూ తుమ్మేవాడు. కిరాణా కొట్టు ధర్మారావు మాత్రం తూకం వేసేటప్పుడే తుమ్మేవాడు. ఆ కుదుపుకి త్రాసు ఎప్పుడూ అతనికి లాభంగానే మొగ్గేది. సరే, ధర్మారావు సంగతి మనకెందుకు?

గవర్రాజుకి లా చదవాలని ఉండేది. తల్లి బతికున్నన్నాళ్లూ అతను ఏ పనికి బయల్దేరినా ఆవిడ నీళ్లబిందెతో ఎదురు వచ్చేది. డిగ్రీ పరీక్షలకీ ఆవిడే ఎదురు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో బిందె బోర్లించే ఉండేది.

ఆ రోజుల్లో డిగ్రీ మార్కులు చూసి లా సీట్లు ఇచ్చేవారు. దరఖాస్తు పట్నంలో కాలేజీ ఆఫీసుకి వెళ్లి చేతికివ్వాలి. గవర్రాజు దరఖాస్తు నింపి సంచిలో పెట్టుకున్నాడు. రోజూ ఉదయం మంచి చొక్కా తొడుక్కుని గడపలో నిలబడేవాడు. ఎదురు వచ్చేవాళ్లు ఉండేవారు కాదు. కాసేపు వీధికేసి చూసి చొక్కా విప్పేసేవాడు.

ఒకరోజు ధర్మారావు భార్య జాలిపడి చెంబుతో ఎదురొచ్చింది.

"బిందె ఏదండీ?" అన్నాడు గవర్రాజు.

"నడుం నొప్పి బాబూ. ఇందులో ఉన్నవీ నీళ్లేగా!"

చెంబు లెక్కలోకి రాదని అతను లోపలికి వెళ్లిపోయాడు. ఆవిడ ఈ సంగతి నాలుగిళ్లలో చెప్పింది. ఐదో ఇంటివాళ్లు కిటికీ తెరిచి విన్నారు.

పక్కింట్లో శేషారత్నం ఉండేది. ఆమె బి.ఏ. మొదటి తరగతిలో ప్యాసైంది. పెళ్లైన ఏడాదికే భర్త పోయాడు. ఆమె ఎదురుపడితే ఊళ్లోవాళ్లు వెనక్కి తిరిగి ఇంటికి పోయేవారు. అందుకని వీధి ఖాళీ అయ్యాకే నీళ్లకి వెళ్లేది. గవర్రాజు లా పుస్తకం పైకి చదువుతుంటే గోడకి ఆనుకుని వినేది; ఆ సంగతి అతనికీ తెలుసు. ఆమె ఇంట్లో వినపడే మాట అదొక్కటే.

దరఖాస్తు గడువు ఆఖరి రోజు వచ్చింది. గడపలో నిలబడ్డ గవర్రాజుని ఆమె గోడ మీంచి పిలిచింది.

"నాయనా, ఇవాళ కూడా ఆగిపోతావా?"

"ఎవరూ ఎదురు రాలేదు, రత్నం పిన్నీ."

"ఎదురు రావడానికి నేను పనికిరాను. పక్కన నడిస్తే తప్పని ఎక్కడా రాయలేదుగా? నాకూ పట్నంలో పనుంది. పద."

గవర్రాజు ఆలోచించాడు. అలా ఎక్కడా రాసినట్టు గుర్తు రాలేదు. బయల్దేరాడు.

రేవులో పడవ నిండా పొగాకు కట్టలున్నాయి. అది తప్పితే మళ్లీ సాయంత్రమే పడవ. అప్పటికి ఆఫీసు మూసేస్తారు. శేషారత్నం ఎక్కి కూర్చుంది. గవర్రాజు ఒక కాలు పడవలో పెట్టాడు. పడవ నడిపే పల్లయ్య తుమ్మాడు.

గవర్రాజు కాలు వెనక్కి తీసేశాడు.

"ఒంటి తుమ్ము మంచిది కాదు. ఇంకొకటి తుమ్ము పల్లయ్యా, ఎక్కుతాను."

"రాకుండా ఎలా తుమ్మేది బాబూ? ముక్కు నా మాట వింటుందా?"

"కాస్త ప్రయత్నించు."

పల్లయ్య మంచివాడు. ఆకు నలిపి వాసన కూడా చూశాడు. తుమ్ము రాలేదు.

"ఒరే గవర్రాజూ, ఎక్కుతావా, మమ్మల్నీ దిగమంటావా?" అని పడవలోంచి ఎవరో అరిచారు.

శేషారత్నం చెయ్యి చాచింది. "ఎక్కు నాయనా. మీ అమ్మ ఇక రాదు. నేను పక్కనున్నానుగా."

గవర్రాజు ఆ చేతికేసి చూశాడు. "ఒక్క నిమిషం పిన్నీ," అన్నాడు.

పల్లయ్య గెడ వేశాడు. పడవ నది మధ్యకి చేరాక రెండో తుమ్ము స్పష్టంగా వినిపించింది. గవర్రాజు సంచి సర్దుకుని ఒక అడుగు ముందుకి వేశాడు. అక్కడ నీళ్లున్నాయి.

నెల తర్వాత కొత్తలంకకి లా సీటు వచ్చింది. శేషారత్నానికి వచ్చింది. పట్నంలో ఆమె పని అదే. ఆమె సంచిలోనూ నింపిన దరఖాస్తు ఉంది. పక్కన నడిచే మనిషి లేక ఇన్నాళ్లూ ఆమె కూడా ఆగిపోయింది.

ఆమె రోజూ ఒక్కతే రేవుకి నడిచి వెళ్లేది. ఎవరు వెనక్కి తిరిగినా ఆగేది కాదు. గవర్రాజు గడపలో నిలబడి చూసేవాడు. గోడ అవతల వినేవాళ్లు లేక పుస్తకం పైకి చదవడం మానేశాడు.

నీతి: మంచి శకునం కోసం గడువు ఆగదు, వెళ్లాలనుకున్నవాళ్లు ఎవరూ ఎదురు రాకపోయినా వెళ్లాలి.