ఐదు ముద్రల తివాచీ

సభామండపం గుమ్మంలో పరిచిన తివాచీ ఏడాదికే అరిగి దారాలు తేలింది. ఇరవై ఏళ్లు మన్నుతుందని దానికి ఐదు ముద్రలు వేసిన పరీక్షాధికారి విరూపాక్షయ్య, తప్పంతా నేసిన దస్తగిరి మీదకు తోసేశాడు. నేరం రుజువైతే బొటనవేళ్లు తీసేస్తారు.

దస్తగిరి రాజు ముందు చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. అది పడకగదికని నేసిన మెత్తటి సరుకు. ఆ మాట ఆనాడే చెప్పాడు, విన్నదెవరు? ఇప్పుడు చెబితే నమ్మేదెవరు?

"ప్రభూ," అన్నాడు, "పరీక్ష రోజున అయ్యగారు చెప్పులతో తొక్కి ఉంటారు. అప్పుడే పాడైపోయింది."

విరూపాక్షయ్య భగ్గుమన్నాడు. "రాజుగారి తివాచీ మీద చెప్పులా! కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, వందసార్లు నడిచి చూశాను. ఒక్క పోగు కదిలితే ఒట్టు!"

దస్తగిరి గుమ్మం వైపు చూశాడు. మేకులు కొట్టిన చెప్పులతో భటులు టకటకమంటూ లోపలికొస్తున్నారు.

"అయ్యగారిలా కాళ్లు కడుక్కుని నడిచేవాళ్లకైతే ఇరవై ఏళ్లూ మన్నుతుంది ప్రభూ."

రాజు నవ్వలేదు. "వేసిన ముద్ర అబద్ధం కాకూడదు. విరూపాక్షయ్యా, చెంబు తీసుకుని గుమ్మంలో నిలబడు. మిగిలిన పందొమ్మిదేళ్లూ వచ్చే ప్రతి భటుడి కాళ్లూ నువ్వే కడుగు."

సభంతా ఘొల్లుమంది. దస్తగిరి మాత్రం కోట దాటేదాకా చేతులు ముందుకు తియ్యలేదు.